ఫలితం ఎవరికి చెప్పాలి?

2024 ఫిబ్రవరిలో మా పిన్ని కోళ్ళను చంపేశారు. పద్ధెనిమిది నాటుకోళ్ళు. అందులో ఒకటి పొదగేసిన పెట్ట. దేనికీ జబ్బు లేదు.

నెల్లూరు జిల్లా పొదలకూరు మండలం చాటగుట్లలోనూ, కోవూరు మండలం గుమ్మళ్ళదిబ్బలోనూ కోళ్ళు గుంపులు గుంపులుగా చచ్చిపోయాయని, నమూనాలు భోపాల్ పంపితే బర్డ్ ఫ్లూ అని తేలిందని అప్పట్లో పేపర్లలో వచ్చిన సంగతి కొందరికైనా గుర్తుండే ఉంటుంది. జబ్బు బయటపడ్డ చోటు నుంచి కిలోమీటరు లోపల ఉన్న పెంపుడు పక్షులన్నిటినీ చంపి పూడ్చాలి, పది కిలోమీటర్ల దాకా నిఘా పెట్టాలి అన్నది దేశమంతటికీ ఉన్న నిబంధన. మా పిన్ని ఇల్లు ఆ మొదటి గీత లోపల పడింది. ఊరి పేరు రాయడం ఆమెకి ఇష్టం లేదు.

ఆ సాయంత్రం ఫోను చేసింది. ఏడవలేదు. "బాగుండే కోళ్ళని గొంతు నులిమి గోతాంలో ఏసుకొని ఎత్తకపోయినారు పాపా" అంది. తప్పదు పిన్నీ, మనుషులకి అంటుకుంటే ప్రాణాల మీదకొస్తుంది అన్నాను. ఆమె కాసేపు ఊరుకుని అడిగింది. "సరే. మా కోళ్ళకి ఉండిందా ఆ జబ్బు? ఎవురన్నా చూసినారా?"

నా దగ్గర జవాబు లేదు. క్లాసుంది, మళ్ళీ చేస్తానని పెట్టేశాను. క్లాసేమీ లేదు.

నేను సాహిత్యంలో డాక్టరేటు చేసినదాన్ని. నా సిద్ధాంత వ్యాసంలో ఒక అధ్యాయం మొత్తం మశూచి మీద, అమ్మవారి పాటల మీద. జబ్బుని అమ్మ అని పిలుచుకున్న ఆడవాళ్ళ భాష గురించి, టీకాలవాళ్ళు ఊళ్ళోకి వచ్చినప్పుడు ఆ భాష ఏమైపోయిందన్న దాని గురించి నలభై పేజీలు రాశాను. అంత రాసినదాన్ని, ఫోనులో మా పిన్నితో మాట్లాడింది మాత్రం టీకాలవాళ్ళ గొంతుతోనే. ఆ సంగతి చాలా రోజులు నన్ను పీడించింది. ఈ వ్యాసం అందుకే రాస్తున్నాను. అయితే ఇది సైన్సు మీద ఫిర్యాదు కాదు. అలా రాయబోయి మానుకున్నాను. ఎందుకు మానుకున్నానో కూడా చెప్పాలి.

నాటుకోళ్ళు ఆడవాళ్ళవి. పొలం పట్టా బాబాయి పేరు మీద ఉంది. గేదె పాల డబ్బులు పాలకేంద్రం పుస్తకంలో బాబాయి పేరునే పడతాయి. కోళ్ళు మాత్రం ఏ పుస్తకంలోనూ ఉండవు. అందుకే అవి పిన్నివి. పండక్కి పుంజుని అమ్మితే వచ్చే డబ్బు, వారం వారం గుడ్ల డబ్బు ఎవరినీ అడక్కుండా ఖర్చుపెట్టుకోగలిగిన డబ్బు. నా పదో తరగతి పరీక్ష ఫీజు కట్టింది ఆ డబ్బుతోనే. మా అమ్మ అడగలేదు, పిన్నే తెచ్చి చేతిలో పెట్టింది. ఆర్థిక శాస్త్రవేత్తలు ఇళ్ళలో ఆడవాళ్ళు చేసే లెక్కలోకి రాని పని గురించి చాలా రాశారు. లెక్కలోకి రాని ఆస్తి గురించి కూడా రాయాలి. లెక్కలోకి రానంతకాలమే అది వాళ్ళ చేతిలో ఉంటుంది. ఆ ఫిబ్రవరిలో మొదటిసారి ఎవరో వచ్చి కోళ్ళను లెక్కపెట్టారు, చంపడానికి. పరిహారం కాగితం మీద సంతకం బాబాయిది.

ఆ పరిహారం విషయంలో ఒక సంగతి నాకు తరవాత తెలిసింది. చంపిన కోడికి డబ్బిస్తారు, అంతకుముందే జబ్బుతో చచ్చిన కోడికి ఇవ్వరు. దీని వెనక తర్కం ఉంది. రైతు చావుల దాకా ఆగకుండా ముందే చెప్పాలన్నది ఆలోచన. కానీ ముందే చెప్పాలంటే ముందే తెలియాలి. పెరట్లో కోడి ముక్కుతూ, మెడ వేలాడేస్తే ఆడవాళ్ళు అనుకునేది కొక్కెర తెగులని. అది వాళ్ళ అజ్ఞానం కాదు. కొక్కెర తెగులుకీ బర్డ్ ఫ్లూకీ తేడా కంటితో చూసి పశువైద్యుడు కూడా చెప్పలేడు. ఆ తేడా తెలిసేది ఒక్క ప్రయోగశాలకే.

ఆ ప్రయోగశాలలో ఏం జరుగుతుందో నాకు చెప్పింది నా స్నేహితురాలు. యూనివర్సిటీ హాస్టల్లో నా రూమ్మేటు, పశువైద్యంలో సూక్ష్మజీవశాస్త్రం చదివి ఇప్పుడు ఉత్తరాదిలో ఒక ల్యాబులో పనిచేస్తోంది. ఆమెది భోపాల్ కాదు కానీ పని అటువంటిదే. భోపాల్‌లో ఉన్న జాతీయ సంస్థ 2014 దాకా హై సెక్యూరిటీ యానిమల్ డిసీజ్ లాబొరేటరీ అనే పేరుతో ఉండేది. పేరులోనే తాళాలు వినిపిస్తాయి. లోపలి గాలి బయటికి పోకుండా గదిలో ఒత్తిడి తక్కువగా ఉంచుతారు. బయటికి వచ్చే ప్రతిసారీ స్నానం చేసి రావాలి. "నెలసరి రోజుల్లో ఆ సూట్లో నాలుగైదు గంటలుండాలంటే ఎలా ఉంటుందో ఏ మాన్యువల్లోనూ రాయలేదే" అంది. ఇద్దరం నవ్వుకున్నాం.

పక్షి గొంతులోంచి, మలద్వారంలోంచి దూదిపుల్లతో తీసిన తడి మంచుపెట్టెలో వస్తుంది. పీసీఆర్ పరీక్షలో కొన్ని గంటల్లో వైరస్ జాడ తెలిసిపోతుంది. కానీ వైరస్‌ను పట్టుకుని, పెంచి, ఏ రకమో తేల్చాలంటే గుడ్డు కావాలి. పొదిగిన గుడ్డు, తొమ్మిది నుంచి పదకొండు రోజులది. పెంకుకి సూదిమొన అంత రంధ్రం చేసి నమూనాని లోపలికి ఎక్కించి, రంధ్రం మూసేసి మళ్ళీ వెచ్చగా పెడతారు. ఈ జాతి వైరస్ అయితే ఒకటి రెండు రోజుల్లో పిండం చచ్చిపోతుంది. చావకపోతే రాత్రంతా ఫ్రిజ్‌లో పెట్టి చంపుతారు. తరవాత పిండం చుట్టూ ఉన్న నీటిని తీసి కోడి ఎర్ర రక్తకణాలతో కలుపుతారు. వైరస్ లేకపోతే కణాలు గుంట అడుగున ఎర్రటి గుండీలా పేరుకుంటాయి. ఉంటే అల్లికలా పరుచుకుంటాయి. కొక్కెర తెగులు వైరస్ కూడా అలాగే అల్లుతుంది. కాబట్టి ఏదన్నది తేల్చడానికి ఇంకో పరీక్ష.

"గుడ్డులో పిండం బతికుందో లేదో ఎలా తెలుస్తుంది?" అని అడిగాను.

"చీకట్లో దీపం ముందు పెట్టి చూస్తాం. నరాలు కనపడతాయి."

నేను ఫోను పట్టుకుని అలాగే ఉండిపోయాను. పొదగేసిన ఏడెనిమిది రోజులకి మా పిన్ని కూడా రాత్రిపూట ఒక్కో గుడ్డునీ టార్చిలైటు మీద పెట్టి చూసేది. లోపల ఎర్రటి నరాలు చెట్టు వేళ్ళలా పాకి ఉంటే పిల్ల కట్టినట్టు. తేటగా ఉంటే ఆ గుడ్డు తీసేసేది. చిన్నప్పుడు ఆ టార్చి పట్టుకునే పని నాది. మనలో ఎంతమంది ఆ గుడ్లు చూసి ఉంటారో తెలియదు. చూసినవాళ్ళు మర్చిపోరు.

ఇంతవరకూ విన్నాక నాకు వ్యాసం దొరికిపోయినట్టే అనిపించింది. పిన్ని ఇంకోసారి ఫోనులో అన్న మాట కూడా ఉంది. "పోలేరమ్మకి ఇచ్చేటప్పుడు ఏ కోడిని ఇవ్వాల్నో నేనే ఎంచి ఇస్తా. పసుపు పూసి ఇస్తా. వీళ్ళు గోతాంలో ఏసుకున్నారు." జబ్బు పోవాలని అప్పుడూ కోడిని చంపారు, ఇప్పుడూ చంపుతున్నారు. అప్పుడు ఇచ్చేది ఆడది, ఇప్పుడు తీసుకునేది రాజ్యం. నాలాంటివాళ్ళకి ఇంతకంటే ఏం కావాలి? ఒక సెమినార్ పేపరు దానంతట అదే తయారైపోతుంది. స్నేహితురాలికి చెప్పాను. ఆమెకి కోపం వచ్చింది.

"మీ సాహిత్యంవాళ్ళకి మా పని ఎప్పుడూ ఉపమానమే" అంది. "పోలేరమ్మకి కోడినిస్తే మశూచి పోయిందా? మశూచి ఎలా పోయిందో నీకు తెలుసు. నేను ఆ గుడ్డు పగలగొట్టకపోతే మీ పిన్ని ఊళ్ళో ముందు చచ్చేది ఎవరనుకుంటున్నావు? కోళ్ళు కోసేది, ఈకలు పీకేది ఎవరు?"

ఆమె చెప్పింది నిజం. 1997లో హాంకాంగ్‌లో ఈ వైరస్ మొదటిసారి మనుషుల్లో కనబడ్డప్పుడు 18 మందికి సోకితే ఆరుగురు చనిపోయారు. ఆ డిసెంబరు చివర్లో నగరంలో ఉన్న కోళ్ళన్నిటినీ, 15 లక్షలకు దగ్గరగా, చంపేశారు. ఆ తరవాత అప్పటికి ఆ జబ్బు అక్కడ ఆగిపోయింది. 2003 నుంచి ప్రపంచమంతటా నమోదైన మనుషుల కేసులు వెయ్యికి దగ్గరగా ఉన్నాయి, వాళ్ళలో దాదాపు సగం మంది చనిపోయారు. ఇటువంటి అంకెల ముందు పద్ధెనిమిది కోళ్ళని చంపడం తప్పా అని నన్నడిగితే తప్పు కాదనే అంటాను. పిన్నితో కూడా అదే అన్నాను, ఇప్పుడూ అంటాను. ఆమె ప్రశ్న నేను ముందు సరిగ్గా వినలేదు. ఎందుకు చంపారని కాదు ఆమె అడిగింది. మా కోళ్ళకి ఉందా లేదా అని అడిగింది. అంటే ఫలితం అడిగింది.

ఫలితం ఎవరిది? నా స్నేహితురాలికి నమూనా వచ్చేసరికి దానికి పేరుండదు, నంబరుంటుంది. ఫలితం ప్రయోగశాల నుంచి కేంద్రానికి, అక్కడి నుంచి రాష్ట్రానికి, జిల్లాకి, అక్కడి నుంచి పత్రికలకి వెళుతుంది. అంతర్జాతీయ సంస్థకీ తెలియజేస్తారు. కోళ్ళఫారం యజమానికి కూడా ఎలాగో తెలుస్తుంది. మా పిన్ని దాకా వచ్చింది గోతాం ఒక్కటే. ఆమె కోళ్ళను పరీక్షించారో, చుట్టూ గీత గీసినందుకే చంపారో ఆమెకి ఇవాళ్టికీ తెలియదు. గీత లోపల పరీక్ష అవసరం లేదన్న సంగతి నిబంధనల్లో ఉంది. ఆ ఒక్క వాక్యం ఆమెకి చెప్పడానికి ఎంతసేపు పడుతుంది?

ఫలితం ఎవరికి తెలియాలి, ఎవరికి తెలియకూడదు అన్న ప్రశ్న శాస్త్రవేత్తలకి కొత్తదేమీ కాదు. ఇదే వైరస్ మీద వాళ్ళు దాదాపు ఏడాదిపాటు అదే చర్చించారు. 2011లో నెదర్లాండ్స్‌లో రాన్ ఫౌషియే, అమెరికాలోని విస్కాన్సిన్‌లో యోషిహిరో కవావోకా వేరువేరుగా ప్రయోగాలు చేసి, మనుషుల మధ్య తేలిగ్గా పాకని ఈ వైరస్‌ని ఫెర్రెట్ల మధ్య గాలిలో పాకేలా మార్చారు. ఫెర్రెట్ ముంగిసలాంటి జంతువు. ఫ్లూ విషయంలో దాని ఊపిరితిత్తులు మనవాటిలాగే ప్రవర్తిస్తాయి. రేపు ప్రకృతిలో ఏయే మార్పులొస్తే ప్రమాదమో ముందే తెలుసుకోవాలన్నది వాళ్ళ వాదన. ఆ వివరాలు అచ్చు వెయ్యొద్దని అమెరికా సలహా మండలి మొదట అంది. 2012 జనవరిలో శాస్త్రవేత్తలే స్వచ్ఛందంగా ప్రయోగాలు ఆపుకున్నారు. మండలి మనసు మార్చుకుంది, ఆ ఏడాదే రెండు పత్రాలూ వెలువడ్డాయి. ఉగ్రవాది చదివితే ఎలా, చదవకపోతే టీకా తయారుచేసేవాడికి ఎలా అని వాదోపవాదాలు. చదివే అవకాశమున్న ప్రతివాడి గురించీ ఆలోచించారు. రోజూ కోడిని కోసే చెయ్యి ఆ జాబితాలో ఏ వైపూ లేదు. ప్రమాదకరమైన జ్ఞానం ఎవరి చేతిలో పడుతుందో అని భయపడ్డవాళ్ళకి, అవసరమైన జ్ఞానం ఎవరి చేతికి అందడం లేదో అన్నది నైతిక ప్రశ్నగా తోచలేదు.

2025 మార్చిలో పల్నాడు జిల్లాలో రెండేళ్ళ పాప ఈ జబ్బుతో చనిపోయింది. పుణెలోని జాతీయ వైరాలజీ సంస్థ నిర్ధారించింది. ఇంట్లో కోడికూర చేస్తుండగా పాప అడిగితే చిన్న పచ్చిముక్క ఇచ్చారని ఇంట్లోవాళ్ళు చెప్పినట్టు పత్రికలు రాశాయి. ఉడికిన కూర తిన్న మిగతావాళ్ళకి ఏమీ కాలేదు.

మా స్టాఫ్ రూములో ఆ వార్త చదివిన పదినిమిషాల్లో "ఇంట్లోవాళ్ళు" కాస్తా "తల్లి" అయిపోయింది. పచ్చిమాంసం ఏ తల్లన్నా పెడుతుందా అన్నారు. అన్నవాళ్ళలో స్త్రీవాదం మీద పాఠం చెప్పేవాళ్ళూ ఉన్నారు. నేనూ అక్కడే ఉన్నాను. ఏమీ అనలేదు. అంట్లు తోమేటప్పుడు, కూర తరిగేటప్పుడు చంకనో కాళ్ళ దగ్గరో పిల్ల ఉండే వంటింట్లో, ఏడుస్తుంటే చేతికందింది ఇవ్వడం ఏమిటో తెలియని ఆడది ఆ గదిలో ఒక్కరూ లేరు.

అంతకుముందు నెలంతా గోదావరి జిల్లాల్లో కోళ్ళు చనిపోతున్నాయి. ఫలితాలున్నాయి, హెచ్చరికలూ ఉన్నాయి. ఆ హెచ్చరికలు ఏమన్నాయి? బాగా ఉడికించి తింటే ప్రమాదం లేదు, చికెన్ తినండి అన్నాయి. జనం భయం పోగొట్టడానికి ఉచితంగా కోడికూర పెట్టే మేళాలు కూడా జరిగాయి. చెప్పింది తప్పు కాదు. వేడికి వైరస్ చచ్చిపోతుంది. కానీ ఆ మాట ఎవరితో చెబుతున్నారో చూడండి. కంచం ముందు కూర్చున్నవాళ్ళతో. కత్తిపీట ముందు కూర్చున్నవాళ్ళతో కాదు. ఉడికిన ముక్కకి ముందు ఉడకని ముక్క ఉంటుంది, దాన్ని పట్టుకునే చెయ్యి ఉంటుంది, ఆ చెయ్యి పక్కనే పిల్లలుంటారు. ప్రపంచంలో ఈ జబ్బు మనుషులకి సోకిన సందర్భాల్లో చాలా భాగం జబ్బుపడ్డ కోళ్ళను ముట్టుకోవడం, ఇంట్లో కోయడం, ఈకలు తీయడం దగ్గర మొదలైనవే. తినేవాడికి భరోసా వెళ్ళింది. కోసే మనిషికి హెచ్చరిక వెళ్ళలేదు. పాప పోయాక వెళ్ళిన మాట నిందగా వెళ్ళింది.

ఇలా జ్ఞానం ఆడదాని దగ్గరకి నిందగా చేరడానికి పాత ఉదాహరణ మేరీ మేలన్. న్యూయార్కులో వంటమనిషి, ఐర్లండు నుంచి వలస వచ్చినామె. తనకి టైఫాయిడ్ లక్షణాలేవీ లేవు. వండిపెట్టిన ఇళ్ళలో మాత్రం జబ్బు వచ్చింది. 1907లో పట్టుకెళ్ళి నది మధ్య దీవిలో పెట్టారు. మలం మళ్ళీమళ్ళీ పరీక్షించారు. ఆమె పట్టుబట్టి బయటి ప్రయోగశాలకి నమూనాలు పంపించుకుంటే అక్కడ లేదని వచ్చింది. ఇక ఎవరిని నమ్మాలి? 1910లో వంట చెయ్యనని మాట తీసుకుని వదిలారు. ఇంకో పనిలో అంత జీతం లేదు. మళ్ళీ వంటే చేసింది, 1915లో ఒక ప్రసూతి ఆసుపత్రిలో దొరికింది. 1938లో చనిపోయేదాకా దీవిలోనే ఉంచారు. మొత్తం దాదాపు 26 ఏళ్ళు. అప్పటికి ఆ నగరంలో అలాగే జబ్బు లేకుండా క్రిములు మోస్తున్నవాళ్ళు వందలమంది తేలారు. ఎవరినీ అలా జీవితాంతం కట్టిపడెయ్యలేదు. ఆమె వల్ల మనుషులు చనిపోయిన మాట నిజం, దాన్ని దాచక్కర్లేదు. ప్రయోగశాల కనిపెట్టింది కూడా నిజమే. కానీ ఆరోగ్యంగా ఉన్న మనిషి జబ్బుని మొయ్యగలదన్న ఆ కొత్త సంగతిని ఆమెకి అర్థమయ్యేలా, ఆమె బతుకుతెరువుకి దారి చూపిస్తూ ఎవరైనా చెప్పి ఉంటే కథ ఇలాగే ఉండేదా?

మనుషులు దొరకనప్పుడు నింద పక్షుల మీదకి పోతుంది. బర్డ్ ఫ్లూ అనగానే వలస పక్షులు తెచ్చాయన్న వాక్యం వెంటనే వచ్చేస్తుంది. మా తీరంలో ఆ పక్షులకి కొదవ లేదు. పులికాట్‌లో ఫ్లెమింగోలు, నేలపట్టు చెరువులో నీటి కడప చెట్ల మీద గూడబాతులు. (2022లో జిల్లాలు విడదీసినప్పుడు నేలపట్టు తిరుపతి జిల్లాలోకి వెళ్ళింది కానీ, పక్షులకి ఆ సంగతి తెలియదు, మాకూ అలవాటు కాలేదు.) నేలపట్టు ఊరివాళ్ళు పక్షుల రెట్టలతో బలమెక్కిన ఆ చెరువు నీటిని పొలాలకి పెట్టుకుంటారు. పక్షులొస్తే పంట బాగుంటుందని నమ్మకం. నీటిపక్షుల్లో ఫ్లూ వైరస్‌లు తరతరాలుగా ఉన్నాయి, చాలావరకు పెద్దగా హాని చెయ్యకుండానే. వాటిలో కొన్ని కిక్కిరిసిన కోళ్ళలోకి దూరి చుట్టుతిరిగి ప్రాణాంతకంగా మారుతుంటాయి. ఇప్పటి హెచ్5ఎన్1కి మూలమైన వైరస్ 1996లో చైనాలోని గ్వాంగ్‌డాంగ్‌లో పెంపుడు పెద్దబాతుల (గూస్) నుంచి దొరికింది. 2005 తరవాత అడవి పక్షులు దాన్ని దూరదూరాలకి మోస్తున్న మాట వాస్తవమే. మోస్తూ చస్తున్నాయి కూడా. 2022 చివర్లో పెరూ తీరంలో వేలకొద్దీ గూడబాతులు చనిపోయాయి, ఆ వెనకే సముద్రసింహాలు. మనం ఇచ్చిన జబ్బుని మోసుకుతిరుగుతూ మనచేత దొంగలనిపించుకుంటున్నాయి. నేలపట్టులో ఒక గూడబాతు చచ్చి పడితే ముందు చూసేది నీళ్ళ గట్టున పనికెళ్ళే ఆడవాళ్ళే. అది ఎవరికి చెప్పాలో, చెయ్యి తగలకుండా ఎలా ఉండాలో వాళ్ళకి తెలియడం ఏ ప్రయోగశాలకైనా అవసరం. జ్ఞానం ఇటు నుంచి అటు కూడా వెళుతుంది. మొదటి నమూనా ఎప్పుడూ ఎవరో చూసి చెప్పిందే.

జ్ఞానం ఆడవాళ్ళ దగ్గరకి ఇంకోలా చేరిన చరిత్ర ఇదే నెల్లూరుకి ఉంది. 1990ల మొదట్లో జిల్లాలో అక్షరాస్యత ఉద్యమం జరిగింది. రాత్రి బడుల్లో, లాంతరు వెలుగులో చదివిన వాచకంలో సారా గురించి ఒక పాఠం ఉంది. ఆ పాఠం మీద చర్చ దూబగుంటలో ఎక్కడిదాకా వెళ్ళిందో ఈ పత్రిక పాఠకులకి నేను చెప్పనక్కర్లేదు. 1993 అక్టోబరుకి రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. ఆ తరవాత ఏమైందన్నది వేరే కథ, దుఃఖం కలిగించే కథ. తాగుడు చెడ్డదన్న సంగతి ఆ ఆడవాళ్ళకి పాఠం చెప్పకముందూ తెలుసు. కానీ అది తమ చేతిలో, తమ అక్షరాల్లో, పక్కన ఇంకో పదిమంది చదువుతుండగా చేరింది. ఏం చెయ్యాలో వాళ్ళే తేల్చుకున్నారు.

మా పిన్ని అక్షరాలు దిద్దింది ఆ బడిలోనే. ఇప్పటికీ పేపరు కూడబలుక్కుని చదువుతుంది.

పల్నాడు వార్త వచ్చిన వారం ఊరికి వెళ్ళాను. పిన్ని మళ్ళీ కోళ్ళు పెట్టింది. రెండు పెట్టలు, ఒక పుంజు. ఏడాది ఆలస్యంగా ఆమె ప్రశ్నకి జవాబు చెప్పాను. మీ కోళ్ళకి జబ్బుందని ఎవరూ తేల్చలేదు పిన్నీ, గీత లోపల ఉన్నాయని చంపారు, అది నిబంధన అన్నాను. ప్రయోగశాల గురించి, గుడ్ల గురించి నాకు తెలిసినంత చెప్పాను. శ్రద్ధగా విన్నది.

"పదకొండు దినాల గుడ్డా? అప్పటికి పిల్లకి రూపొస్తదే" అంది. "చచ్చిపోతదా?"

"చచ్చిపోతుంది."

"ఆ గుడ్లు చూసే పిల్ల, మీ స్నేహితురాలు, కోడికూర తింటదా?"

అడగలేదన్నాను. తరవాత అడిగాను, తింటుందట.

ఊరికే కూర్చోలేదు పిన్ని. కోసేటప్పుడు చేతులకి ఏం తొడగాలి, ముక్కుకి గుడ్డ చాలునా, ఈకలు కాల్చాల్నా పూడ్చాల్నా, కోడి తూలుతుంటే ఎవురికి ఫోను చెయ్యాల అని ఒకటి తరవాత ఒకటి అడిగింది. తెలిసినవి చెప్పాను, తెలియనివి స్నేహితురాలికి ఫోను చేసి కనుక్కున్నాను. ఆమె పిన్నితో నేరుగా మాట్లాడింది, అరగంట. ఏం మాట్లాడుకున్నారో నాకు పూర్తిగా తెలియదు, మధ్యలో నవ్వులు వినిపించాయి. "ఇయ్యన్నీ ఒక కాయితం మీద రాసి పంపు పాపా, పెద్దచ్చరాలతో. సంఘంలో చదివిపిస్తా" అంది పిన్ని నేను బయల్దేరుతుంటే.

నలభై పేజీల అధ్యాయం రాసినదానికి ఆ ఒక్క పేజీ రాయడానికి మూడు రోజులు పట్టింది. వైరస్ అనాలా, పురుగనాలా, జబ్బు అంటే సరిపోతుందా? "జాగ్రత్తలు పాటించవలెను" అని రాసి కొట్టేశాను. చివరికి పన్నెండు వాక్యాలు తేలాయి. స్నేహితురాలు రెండు దిద్దింది. పోస్టులో పంపాను.

వారం తరవాత పిన్ని ఫోను చేసింది. చదివారట. అందరూ విన్నారట. ఒకటే తప్పుందంది.

"కత్తి కడగమని రాసినావు. మేం కోసేది కత్తిపీటతో. పీట కూడా కడగాల్నా, కత్తి వరకేనా? అది తేల్చి రాసి మళ్ళీ పంపు."